తుపాకి గొట్టంలో మెలిక గాడి

1860 వ సంవత్సరం జూలై 2 వ తేదీన, లండన్ నగరానికి చేరువనున్న వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిల్ సంఘంవారి మొట్టమొదటి పోటీలు ప్రారంభమయ్యాయి. తొలి గుండు పేల్చినది విక్టోరియా రాణి. ఆమె తుపాకిని భుజానికి ఆనించుకోలేదు. దానిని ముందుగానే ఒక ఇనుప పీఠంలో కదలకుండా బిగించి, 400 గజాల దూరాన ఉన్న గురిబల్లకు సరిచేసి ఉంచారు. మీటకు కట్టిన పట్టుతాడును రాణి మెల్లగా లాగింది. గుండు వెళ్లి నడిబిందువుకు అంగుళంపావు దూరంలో తగిలింది.

400 గజాలంటే 14,400 అంగుళాలు. అంత దూరంలో అంగుళంపావు తేడా అంటే పదకొండున్నర వేల పాళ్లలో ఒక పాలు మాత్రమే. చూచినవారు ఆశ్చర్యపోయారంటే వింత లేదు. ఐతే ఒక్క గుండును చూచి గొట్టం గుణం నిర్ణయించరాదు. ఎంత నాసి తుపాకి ఐనా ఎప్పుడో ఒకసారి గురి నడుమ తగలక మానదు. పది గుండ్లు, ఇరవై గుండ్లు వరుసగా పేల్చినప్పుడు అవన్నీ ఎంత దగ్గరగా పడ్డాయన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో ఈ గొట్టం అంతకు మూడేళ్ల ముందే నెగ్గింది. నెగ్గి కూడా సైన్యంలో స్థానం సంపాదించలేకపోయింది. ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే గొట్టం లోపలి గాడి కథ మొదటినుంచి చెప్పుకోవాలి.

పాతకాలపు తుపాకుల గొట్టాలు లోపల నున్నగా ఉండేవి. ఇంగ్లీషు పటాలాలు నూరేళ్లకు పైగా మోసిన 'బ్రౌన్ బెస్' తుపాకి రంధ్రం వ్యాసం ముప్పాతిక అంగుళం. అందులో వేసే సీసపు గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. చుట్టూ మిగిలే ఈ సందు పనివాడి అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు, కావాలని ఉంచినదే. నల్ల తుపాకిమందు కాలినప్పుడు సగానికి పైగా పొగగానూ, మడ్డిగానూ మిగిలిపోతుంది. ఆ మడ్డి గొట్టం గోడలకు పేరుకుంటుంది. సందు లేకపోతే నాలుగైదుసార్లు పేల్చేసరికి గుండు లోపలికి దిగదు. శత్రువు ఎదురుగా వస్తుండగా సిపాయికి కావలసినది త్వరగా నింపుకోగల తుపాకి. అందువల్ల గురి పోయినా సరే, సందు ఉండాలన్నారు.

ఆ సందులోనే చిక్కంతా ఉంది. పేలిన గుండు గొట్టంలో తిన్నగా రాదు. ఒకసారి పై గోడకు, మరొకసారి పక్క గోడకు తగులుతూ వస్తుంది. చివరిసారి ఏ గోడను రాచుకొన్నదో దానినిబట్టి ఏదో ఒక దిక్కుకు గిరగిర తిరుగుతూ బయటపడుతుంది. ఏ రెండు గుండ్లూ ఒకే తీరున తిరగవు. నూరు గజాలు దాటితే మనిషిని గురిచూచి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. అందుకే ఆ కాలపు సైన్యాలు వరుసలు తీర్చి, అందరూ ఒక్కసారిగా పేల్చేవి.

పదిహేనవ శతాబ్దం చివర, పదహారవ శతాబ్దం మొదట్లో దక్షిణ జర్మనీ పనివారు గొట్టం లోపల మరచుట్టు వంటి మెలిక గాడులు కోయడం నేర్చారు. ఈ గాడులలో బిగువుగా ఇరికిన గుండు గాడి వెంబడి తిరుగుతూ బయటికి వస్తుంది. ఇట్టి తుపాకి మామూలు తుపాకికన్నా ఎంతో దూరం తిన్నగా కొడుతుందని వేటగాళ్లు అనుభవంవల్ల తెలుసుకొన్నారు. జర్మనీనుంచి అమెరికాకు వలసపోయిన కంసాలులు పెన్సిల్వేనియాలో ఇదే విద్యను సాగించి, పొడుగాటి సన్న గొట్టపు రైఫిళ్లకు పేరు తెచ్చారు. కాని ఈ రెండువందల యాభై సంవత్సరాలలో ఒక్కరూ 'తిరిగితే తిన్నగా ఎందుకు పోతుంది?' అన్న ప్రశ్నకు సరియైన జవాబు చెప్పలేదు. పనిముట్టు ముందు పుట్టి, కారణం వెనుక తెలియడం చరిత్రలో కొత్త కాదుగాని, ఇంత ఆలస్యం అరుదు.

జవాబు చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. 1707 లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో, యుద్ధమంటేనే గిట్టని క్వేకర్ మతస్థుల ఇంట పుట్టిన ఈ గణితజ్ఞుడు 1742 లో ఫిరంగి శాస్త్రానికి కొత్త సూత్రాలు వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. బరువైన చెక్కపలకను లోలకంలా వేలాడదీసి, దానిమీదికి గుండు పేల్చి, పలక ఎంత ఊగిందో కొలిచి గుండు వేగాన్ని లెక్కకట్టే ఉపాయం ఆయనదే. మన ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో ద్రవ్యవేగ నిత్యత్వానికి నేటికీ ఇది మంచి ఉదాహరణ. ఈ పరికరంతో కొలిచి చూస్తే, అతివేగంగా పోయే గుండుమీద గాలి చూపే నిరోధం ఆ గుండు బరువుకన్నా ఎన్నో రెట్లుంటుందని తేలింది. గాలిని లెక్కలోకి తీసుకోనక్కరలేదని అంతవరకు ఫిరంగిదళాల వారు నమ్మిన పుస్తకాలు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మహాగణితజ్ఞుడైన ఆయిలర్ 1745 లో ఈ గ్రంథాన్ని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి వ్యాఖ్య రాశాడంటే దాని విలువ తెలుస్తుంది.

రాబిన్స్ చేసిన మరొక ప్రయోగం మన కథకు మరింత ముఖ్యం. ఆయన ఒక నున్నని తుపాకి గొట్టాన్ని మూతి దగ్గర కొంచెం ఎడమవైపుకు వంచాడు. గుండు దారిలో సన్నని కాగితపు తెరలు వరుసగా నిలబెట్టి పేల్చాడు. తెరలలో పడిన చిల్లులను చూస్తే గుండు పోయిన దారి తెలుస్తుంది. గొట్టం ఎడమకు వంగింది గనుక గుండు మొదట ఎడమకే పోయింది. కాని పోయేకొద్దీ కుడివైపుకు తిరిగిపోయింది! కారణం ఇది. వంగిన చోట గుండు కుడి గోడను ఒరుసుకొని వస్తుంది. ఆ రాపిడివల్ల కుడిపక్క వెనుకబడి, ఎడమపక్క ముందుకు సాగి, గుండు బొంగరంలా తిరగడం మొదలుపెడుతుంది. ఇట్లా తిరిగే గుండును గాలి కుడిపక్కకు నెడుతుంది. నున్నని గొట్టంలోనుంచి వచ్చే ప్రతి గుండూ ఏదో ఒక పక్కకు ఇట్టి తిరుగుడుతోనే వస్తుంది గనుక, ఏ గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఉపాధ్యాయులు దీనిని తుపాకి లేకుండానే తరగతిలో చూపవచ్చు. దళసరి కాగితాన్ని చుట్టి, జానెడు పొడవు, రెండంగుళాల వ్యాసం గల గొట్టంగా అంటించండి. ఒక పలకను బల్ల అంచున ఏటవాలుగా పెట్టి, దానిమీదనుంచి ఆ గొట్టాన్ని దొర్లించి వదలండి. అది ముందుకు పోయి పడుతుందని పిల్లలు అనుకొంటారు. అలా పడక, గాలిలో వంపు తిరిగి బల్ల కిందికే వెనక్కు వస్తుంది. రాబిన్స్ గుండును పక్కకు నెట్టిన బలమే కాగితపు గొట్టాన్ని వెనక్కు నెట్టింది.

మెలిక గాడి ఈ తిరుగుడును నిర్మూలించదు, దాని అక్షాన్ని మారుస్తుంది. గాడిలో నుంచి వచ్చిన గుండు తన ప్రయాణదిశనే అక్షంగా చేసుకొని తిరుగుతుంది. అందువల్ల గాలికి పక్కకు నెట్టే అవకాశం దొరకదు. ఈ సంగతిని రాబిన్స్ 1747 జూలై 2 న రాయల్ సొసైటీలో చదివిన వ్యాసంలో వివరించి, గాడి తుపాకి స్వభావాన్ని పూర్తిగా గ్రహించి, దాని తయారీని సుకరం చేసి, తన సైన్యాలకు అలవాటు చేసిన దేశం మిగిలిన దేశాలపై గొప్ప ఆధిక్యం సంపాదిస్తుందని జోస్యం చెప్పాడు. ఆ మాట నిజం కావడానికి మరొక నూరేళ్లు పట్టింది. ఆయన మాత్రం దానిని చూడలేదు. ఈస్టిండియా కంపెనీవారు తమ కోటలు బాగుచేయించడానికి ఆయనను మన తీరానికి పంపారు. 1750 లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు చేరి, ఆ కోటకూ మద్రాసు కోటకూ నమూనాలు తయారుచేస్తూ, జ్వరపడి, 1751 జూలై 29 న అక్కడే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభైనాలుగు.

కారణం తెలిసింది గదా, సైన్యాలు గాడి తుపాకిని వెంటనే ఎందుకు స్వీకరించలేదు? గుండు గాడులలో బిగువుగా ఇరికితేనే తిరుగుతుంది. అంత బిగువైన గుండును మూతినుంచి మొదలుదాకా దించాలంటే కొయ్య సుత్తితో కొట్టి, ఇనుపకడ్డీతో దూయాలి; లేకుంటే కొవ్వు రాసిన గుడ్డపీలికలో చుట్టి బలంగా నెట్టాలి. నున్నని తుపాకితో నిమిషానికి మూడుసార్లు పేల్చే సిపాయి గాడి తుపాకితో ఒకసారి పేల్చడమే గగనం. దిగేటప్పుడు గుండు వదులుగా ఉండాలి, వచ్చేటప్పుడు బిగువుగా ఉండాలి. ఈ రెండూ ఎట్లా పొసగుతాయి?

ఫ్రెంచి సైనికోద్యోగులు పాతికేళ్లపాటు ఈ చిక్కుతో కుస్తీ పట్టారు. చివరకు 1849 లో మినియే అనే కాప్టెన్ చూపిన మార్గం నిలిచింది. గుండును బంతిలా గాక, ముందు మొనదేలి వెనుక గుల్లగా ఉన్న కోలగుండుగా పోతపోశారు. లోపలికి వదులుగా దిగుతుంది. మందు పేలగానే ఆ వాయువు గుల్లలోకి చొరబడి సీసపు అంచును వెడల్పు చేస్తుంది. అంచు గాడులలో పట్టుకొంటుంది. ఈ సూత్రం మీదనే ఇంగ్లీషువారు 1853 లో ఎన్‌ఫీల్డ్ రైఫిలును తయారుచేశారు. దాని రంధ్రం 0.577 అంగుళం, గొట్టం పొడవు 39 అంగుళాలు, గాడులు మూడు. గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి 78 అంగుళాలు కావాలి. అనగా గొట్టం మొత్తంలో గాడి అరచుట్టు మాత్రమే తిరుగుతుంది.

ఇక్కడ కొవ్వు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే దానితో మన దేశచరిత్ర ముడిపడి ఉంది. కోలగుండు సరిగా వెడల్పు కావాలంటే రంధ్రానికి, గుండుకు మధ్య సందు చాలా తక్కువగా ఉండాలి. మొదట గుండు వ్యాసం 0.568 అంగుళం చేశారు. అంటే మొత్తం సందు అంగుళంలో నూరోవంతు కూడా లేదు. మడ్డి పేరుకొన్న గొట్టంలో ఇంత బిగువు గుండు జారాలంటే కందెన తప్పదు. అందుకని గుండును, మందును కలిపి చుట్టిన కాగితపు తూటాకు గుండువైపు కొనను పశువుల కొవ్వు, తేనెమైనం కలిపిన లేపనంలో ముంచేవారు. సిపాయి తూటా రెండవ కొనను పళ్లతో కొరికి, మందు పోసి, కొవ్వు అంటిన కొనతో గుండును గొట్టంలో దించాలి. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో కొత్త రైఫిలు శిక్షణ మొదలైనప్పుడు, ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట పటాలాలలో పాకింది. ఏ పశువు కొవ్వో విచారించి రాయించాలన్న ఆలోచన తయారీశాలవారికి రాలేదు. కొవ్వు ఎవరికివారు తెచ్చుకోవచ్చునని జనవరి చివరలోనూ, తూటాను చేతితో చించవచ్చునని మార్చిలోనూ సర్కారు దిగివచ్చింది. అప్పటికి నమ్మకం పోయింది. ఏప్రిల్ 24 న మీరట్‌లో మూడవ అశ్వదళంలోని తొంభైమందిలో ఎనభైఐదుగురు తూటాలు ముట్టమన్నారు. నిజానికి ఆనాడు వారికిచ్చినవి పాతరకపు తూటాలే! మే 10 న తిరుగుబాటు ప్రారంభమైంది. 1857 నాటి స్వాతంత్ర్య సమరానికి కారణాలు ఈ తూటాకన్నా ఎంతో లోతైనవి. ఆ చర్చ చరిత్రకారులది. కాని నిప్పురవ్వ పుట్టినచోటు మాత్రం గుండుకూ గొట్టానికీ నడుమనున్న ఆ సన్నని సందే. జూలై 12 న ఫతేపూర్ దగ్గర హేవ్‌లాక్ సేన గెలిచినప్పుడు ఆ సేనాని తన గెలుపుకు చెప్పిన కారణాలలో దూరంనుంచి కొట్టిన ఎన్‌ఫీల్డ్ రైఫిలు ఒకటి. రాబిన్స్ చెప్పిన ఆధిక్యం ఎవరి చేతిలో, ఎవరిమీద పనిచేసిందో గమనించండి.

మీరట్‌లో సిపాయిలు తూటాలు నిరాకరించిన ఆ ఏప్రిల్ నెలలోనే, ఇంగ్లండు దక్షిణతీరాన హైత్ అనే ఊళ్లోని తుపాకి శిక్షణశాలలో ఎన్‌ఫీల్డ్ గొట్టానికి పోటీగా ఒక కొత్త గొట్టాన్ని పరీక్షించారు. దానిని తయారుచేసినవాడు సైనికుడు కాదు, తుపాకుల కంసాలీ కాదు. మాంచెస్టరు నగరంలో యంత్రసాధనాలు తయారుచేసే జోసెఫ్ విట్వర్త్. మరచీలలకు దేశమంతటా ఒకే కొలత ఉండాలని 1841 లో ప్రతిపాదించి సాధించినవాడు ఆయనే. మూడు ఇనుప పలకలను ఒకదానితో ఒకటి మార్చిమార్చి సరిచూచి గీకుతూ నిజమైన సమతలాన్ని రాబట్టే పద్ధతిని ప్రచారం చేసినవాడూ ఆయనే. అంగుళంలో పదిలక్షలవ వంతు తేడాను పట్టే కొలతయంత్రం కూడా ఆయన నిర్మించాడు.

1854 లో క్రిమియా యుద్ధకాలంలో సర్వసేనాని లార్డ్ హార్డింజ్ ఈయనను పిలిచి, రైఫిలు గొట్టాలు తయారుచేసే యంత్రాలు నిర్మించి ఇమ్మన్నాడు. విట్వర్త్ ఒప్పుకోలేదు. ఏ గొట్టం మంచిదో, ఎందుకు మంచిదో ముందు తెలియాలి. అది తెలియకుండా యంత్రం ఎట్లా నిర్మించేదని ఆయన వాదన. ఈ ఒక్క మాటలో ఆయన గొప్పతనం ఉన్నదని నాకు తోస్తుంది. సర్కారు ఖర్చుతో రషోమ్‌లోని ఆయన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున కప్పువేసిన శాల కట్టారు. మొదటిసారి కట్టినది గాలివానకు కూలిపోతే మళ్లీ కట్టారు. గాలి తగలని ఆ శాలలో గుండు దారి పొడుగునా పలుచని కాగితపు తెరలు వేలాడదీసి విట్వర్త్ పేల్చి చూశాడు. నూరేళ్లనాటి రాబిన్స్ ఉపాయమే ఇది.

ఒక్కొక్క అంశాన్నే మారుస్తూ పరీక్షించి ఆయన తేల్చిన విషయాలు స్థూలంగా ఇవి. బరువు అంతే ఉంచి గుండును సన్నగా, పొడుగ్గా చేస్తే గాలి నిరోధం తగ్గుతుంది. కాని పొడుగాటి గుండు గాలిలో పల్టీ కొట్టాలని చూస్తుంది. గాలి ఒత్తిడి దాని మొనవైపు పనిచేస్తుంది. బరువు కేంద్రం దానికి వెనుక ఉంటుంది. ఈ రెండింటి వల్ల ఏర్పడే బలయుగ్మం గుండును తిరగేస్తుంది. దీనికి మందు మరింత వేగంగా తిప్పడమే. చాలినంత జోరుగా తిరగని బొంగరం తూలి పడ్డట్టే, చాలినంత తిరగని కోలగుండు తూలుతుంది. ఎన్‌ఫీల్డ్ గుండు బరువును, అంటే 530 గ్రెయిన్లను, అలాగే ఉంచి, రంధ్రాన్ని 0.451 అంగుళానికి తగ్గించి, చుట్టును 78 అంగుళాలనుంచి 20 అంగుళాలకు కుదించాడు. గుండు సెకనుకు 1,200 అడుగుల వేగంతో బయటపడుతుందనుకొందాం. ఎన్‌ఫీల్డ్ మెలికలో అది సెకనుకు సుమారు 185 చుట్లు తిరిగితే, విట్వర్త్ మెలికలో 720 చుట్లు తిరుగుతుంది. ఇంత తీవ్రమైన మెలికలో మెత్తని సీసం గాడిని తెంచుకొని జారిపోతుందేమోనన్న భయంతో, గాడులకు బదులు రంధ్రాన్నే ఆరుపలకలుగా, మెలి తిరిగేటట్లు కోశాడు. గుండును కూడా అదే ఆకారంలో ఆరుపలకలుగా తయారుచేశాడు. రెండూ ఒకదానిలో ఒకటి ఒదగాలంటే గొట్టం పొడుగునా కొలత ఏమాత్రం చెదరకూడదు. ఆ కాలంలో అట్లా కోయగలవారు ఎందరో లేరు.

హైత్‌లో ఫలితాలు చూచినవారికి నోట మాట రాలేదు. గుండ్లు పడిన చోట్ల మధ్యబిందువునుంచి ఒక్కొక్క గుండు ఎంత దూరం తొలగిందో కొలిచి సగటు తీయడం అక్కడి పద్ధతి. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ సగటు 2.24 అడుగులు, విట్వర్త్‌ది 0.37 అడుగు, అంటే నాలుగున్నర అంగుళాలు. 800 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్‌ది నాలుగు అడుగులు దాటగా విట్వర్త్‌ది ఒక అడుగు. 1,400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ గుండ్లు గురిబల్లనే తాకలేదు. విట్వర్త్ సగటు 4.62 అడుగులు. గట్టి లోహపు గుండు వేసినప్పుడు విట్వర్త్ తుపాకి అరంగుళం మందపు ఎల్మ్ పలకలు ముప్పైమూడింటిని తొలుచుకొని పోయింది. ఎన్‌ఫీల్డ్ గుండు పన్నెండు పదమూడు పలకల దగ్గర ఆగింది. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. 500 గజాల దూరంలో ఒక నిమిషం కోణానికి, అనగా డిగ్రీలో అరవయ్యోవంతుకు, ఎదురుగా ఉండే వెడల్పు 5.2 అంగుళాలు. విట్వర్త్ గుండ్ల సగటు తొలగింపు ఒక నిమిషం కోణంకన్నా తక్కువే. నల్లమందుతో, మూతినుంచి నింపే తుపాకితో ఇది సాధించారంటే నేటివారు కూడా మెచ్చుకోవలసినదే.

ఐనా సైనికశాఖ దీనిని తీసుకోలేదు. వారు చెప్పిన కారణాలు రెండు మూడు. రంధ్రం సన్నం కావడంవల్ల మడ్డి త్వరగా పేరుకొని నింపడం కష్టమవుతున్నది. వెల ఎన్‌ఫీల్డ్‌కు సుమారు నాలుగింతలు. సైన్యానికి అంత సన్న రంధ్రం తగదన్నది మూడవది. అభిమానులు దీనిని అధికారుల మూర్ఖత్వమన్నారు. మొదటి రెండు కారణాలలో న్యాయం లేకపోలేదు. గురిబల్లముందు తీరిగ్గా కూర్చుని, ప్రతి గుండుకూ గొట్టం తుడుచుకొనేవాడికి పనికివచ్చేది, బురదలోనో మండుటెండలోనో అరవై గుండ్లు వరుసగా పేల్చవలసిన సిపాయికి పనికిరాకపోవచ్చు. ఎండ ప్రదేశాలలో మడ్డి రాయిలా గట్టిపడుతుంది. మన దేశంలో ఎన్‌ఫీల్డ్‌కే ఈ బాధ తగిలి, తరువాత దాని గుండు వ్యాసాన్ని 0.55 అంగుళానికి తగ్గించవలసి వచ్చింది. 0.577 రంధ్రమే అట్లా మొరాయించగా 0.451 మాట చెప్పేదేమున్నది? సన్న రంధ్రం తగదన్న మూడవ మాట మాత్రం ఉత్త అభిప్రాయం. కాలం దానిని కాదన్నది.

విట్వర్త్ రైఫిళ్లు పోటీలు ఆడేవారి చేతుల్లోకి, సముద్రం దాటి అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల గురికాండ్ర చేతుల్లోకి పోయాయి. 1864 మే 9 న స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరసేనాని జాన్ సెజ్విక్‌ను దూరంనుంచి పడగొట్టినది ఇట్టి తుపాకే అంటారు.

మడ్డి, నింపుడు అన్న చిక్కులు గొట్టం వెనుకనుంచి తూటా పెట్టే పద్ధతి రాగానే చాలావరకు తీరిపోయాయి. 1871 లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టిని-హెన్రీ రైఫిలు వెనుకనుంచి నింపేదే. దాని రంధ్రం 0.45 అంగుళం, చుట్టుకు 22 అంగుళాలు! పదిహేనేళ్ల క్రితం సైన్యానికి తగదన్న కొలతకే సైన్యం వచ్చి చేరింది. ఆ తరువాత 1879 లో ఊలిచ్ ఫిరంగి పాఠశాల ఆచార్యుడు గ్రీన్‌హిల్, ఎంత పొడుగు గుండుకు ఎంత మెలిక కావాలో చెప్పే సులభసూత్రం ఇచ్చాడు. గుండు పొడవు వ్యాసానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యతో 150 ని భాగిస్తే, గాడి ఒక చుట్టు తిరిగే పొడవు వ్యాసానికి ఎన్ని రెట్లుండాలో వస్తుంది. విట్వర్త్ గుండు పొడవు వ్యాసానికి సుమారు మూడు రెట్లు. 150 ని 3 తో భాగిస్తే 50. వ్యాసం 0.45 అంగుళాన్ని 50 తో గుణిస్తే ఇరవైరెండున్నర అంగుళాలు. సూత్రమేదీ లేని రోజుల్లో కాగితపు తెరలకు పడిన చిల్లులు చూచి విట్వర్త్ 20 అంగుళాలన్నాడు.

లోతైన గాడులుగాని, ఆరుపలకలుగాని అక్కరలేదని, అతిస్వల్పమైన లోతుగల గాడి కూడా గట్టిపరచిన గుండును తిప్పగలదని చూపినవాడు విలియం మెట్‌ఫర్డ్. ఈయన రైలుమార్గాల ఇంజనీరు. ఈస్టిండియన్ రైల్వే పనిమీద మన దేశం వచ్చి 1857 లో ముంగేర్‌లో చిక్కుకొని, ఆరోగ్యం చెడి తిరిగిపోయాడు. ఆయన గాడి 1888 నాటి 0.303 అంగుళపు లీ-మెట్‌ఫర్డ్ రైఫిలులోకి ఎక్కింది. నల్లమందు పోయి కార్డైటు వచ్చేసరికి, దాని అధికోష్ణానికి ఆ నిస్సారపు గాడులు త్వరగా అరిగిపోయాయి. 1895 లో మళ్లీ కొంచెం లోతైన ఐదు గాడులకు మారవలసి వచ్చింది. ఆ లీ-ఎన్‌ఫీల్డ్ వంశపు తుపాకులే బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారంలో దశాబ్దాలపాటు తయారయ్యాయి.

ఈనాడు సైన్యపు గొట్టాలను చాలాచోట్ల యంత్రపు సుత్తులతో సాగగొట్టి, లోపలి కడ్డీ ఆకారం దిగేటట్టు క్షణాలమీద తయారుచేస్తారు. పోటీలవారికోసం ఒక్కొక్కటిగా చేసే గొట్టాలు మాత్రం ఇంకా పాత తీరులోనే పుడతాయి. ఉక్కుకడ్డీని తొలిచి, నునుపుచేసి, సన్నని ఉలిని మాటిమాటికి లాగుతూ గాడిని పొరపొరగా కోస్తారు. చివరకు గొట్టంలోనే పోతపోసిన సీసపు దిమ్మకు గరకుపొడి పూసి, గంటలకొద్దీ ముందుకు వెనుకకు ఆడిస్తారు. గొట్టం చేతికి వచ్చినవాడు గురిబల్ల దగ్గరికి పోకముందే దానిని పరీక్షించగలడు. మెత్తని సీసపు ముక్కను మూతిలో దూర్చి, కడ్డీతో నిదానంగా చివరిదాకా నెట్టుతాడు. రంధ్రం పొడుగునా ఒకే కొలతలో ఉంటే ముక్క ఒకే బిగువుతో సాగుతుంది. ఎక్కడైనా అంగుళంలో పదివేలవ వంతు వెడల్పైతే అక్కడ చేతికి వదులు తెలుస్తుంది. కంటికన్నా స్పర్శ నమ్మదగినదని, సూక్ష్మమైన కొలతకు ముట్టి చూడడమే మార్గమని విట్వర్త్ తన కొలతయంత్రం గురించి వాదించేవాడు.